అవ్వా... మేం బాగుండాం!

కెమెరా కనపడగానే ఇంటివాళ్లను తలుచుకునే మనిషిని చూసి చాలామంది నవ్వుతారు. ఆ పలకరింపు వెనక ఎంత ఎడబాటు ఉందో పడమటి కర్నూలు పల్లెలకు తెలుసు.

దీపావళి దాటిందంటే ఎమ్మిగనూరు వైపు నుంచి గూడూరు, కర్నూలు దిక్కుగా వచ్చే బండ్ల తీరే మారిపోతుంది. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు, మంత్రాలయం, నందవరం మండలాల పల్లెల్లో బొలేరోలు, లారీలు, ట్రాక్టర్లు బయల్దేరతాయి. వాటిలో బియ్యం మూటలు, జొన్నపిండి సంచులు, వంటపాత్రలు, దుప్పట్లు, కట్టెల మోపులు ఉంటాయి. ఆ సామాన్ల మీదే మనుషులు కూర్చుంటారు. మిరప కోతలకు గుంటూరు దిక్కు కొందరు, పత్తి తీయడానికి తెలంగాణ దిక్కు కొందరు. మా పక్క దీన్ని సుగ్గికి పోవడం అంటారు. వానను నమ్ముకుని వేసిన పైరు చేతికి రాలేదు, మేస్త్రీ దగ్గర తీసుకున్న అడ్వాన్సు తీరాలి, ఇంట్లో కూర్చుంటే పూట గడవదు. ఉగాది దాకా ఊరు వదలక తప్పదు. బడికి పోయే పిల్లలను అవ్వాతాతల దగ్గర వదిలేస్తారు, లేదంటే ఈ వలసల కోసమే ప్రభుత్వం తెరిచే సీజనల్ హాస్టళ్లలో చేర్పిస్తారు.

టీవీ ఛానళ్ల వాళ్లూ ఏటా ఈ రోజుల్లోనే వస్తారు. బండి ఆపి, లోగో ముందుకు పెట్టి బైట్ తీసుకుంటారు. ఎంతమంది పోతున్నారమ్మా? ఊళ్లో పనులు లేవా? ఉపాధి హామీ డబ్బులు పడలేదా? బండి అంచున కూర్చున్న ఆమె తనకు తెలిసిన మాటల్లో అన్నిటికీ జవాబు చెబుతుంది. చెప్పినంతసేపూ చూపు విలేఖరి మీదే ఉంటుంది. ప్రశ్నలైపోయి లోగో పక్కకు జరిగే ఆ ఒక్క క్షణంలో మాత్రం చూపు కెమెరా అద్దం మీదికి మళ్లుతుంది. 'అవ్వా, మేం బాగుండాం. పాపను బడి మాన్పియ్యొద్దు' అనేస్తుంది. పక్కనున్న పిల్లోడు చెయ్యి ఊపుతాడు. వెనకాల ముసలాయన తలగుడ్డ సర్దుకుని రెండు చేతులూ జోడిస్తాడు. సాయంత్రం బులెటిన్‌లో వలస గురించి ఆమె చెప్పిన మాటలు వస్తాయి. అవ్వకు చెప్పిన మాట రాదు. అది డెస్కులోనే పోతుంది.

నన్నడిగితే ఆ బైట్ మొత్తంలో అసలు వార్త ఆ పోయిన ముక్కే. పనుల్లేక పోతున్నారన్నది ఏటా చెప్పే సంగతే, లెక్కలతో సహా అధికారుల దగ్గరే దొరుకుతుంది. నాలుగైదు నెలలు పిల్లను చూడకుండా ఉండబోయే తల్లి, ఎదురుగా కెమెరా కనపడితే మొదట ఎవరిని తలుచుకుంది అన్నది ఇంకెక్కడా దొరకదు.

కెమెరా కనిపించగానే అమ్మానాన్నలకు హాయ్ చెప్పేవాళ్లను తక్కువగా చూడటం చదువుకున్నవాళ్లలో ఒక అలవాటైపోయింది. టీవీ షోల్లో అలాంటి ముక్కలను ఏరి, వెనక నవ్వుల శబ్దం చేర్చి వాట్సాప్‌లో తిప్పుతుంటారు. పల్లెటూరి అమాయకత్వం అంటారు, కనిపించాలన్న ఆరాటం అంటారు. నేనలా అనుకోను. కనిపించాలన్న ఆరాటమే ఉంటే మనిషి తన పేరు చెప్పుకుంటాడు. ఇక్కడ వాళ్లు చెప్పేది అవతలివాళ్ల పేర్లు. లక్షలమంది వినే అవకాశం అర నిమిషం చేతికొస్తే, దాన్ని తీసుకెళ్లి ఇంట్లో పొయ్యి దగ్గర కూర్చున్న ముసలమ్మకు ఇచ్చేస్తున్నారు.

మైకు వచ్చిన నాటి నుంచీ

ఈ అలవాటు టీవీతో పుట్టింది కాదు. మా పక్క పెళ్లిళ్లలో చదివింపులు ఎలా జరుగుతాయో చూసినవాళ్లకు ఈ సంగతి వెంటనే తెలుస్తుంది. పందిట్లో ఒకాయన పుస్తకం, పెన్ను పట్టుకుని కూర్చుంటాడు, పక్కనే మైకు. ఫలానా ఊరు, ఫలానా వారు, పెండ్లికూతురుకి మేనమామ వరస, ఇంత అని చదువుతాడు. ఇచ్చింది నూటపదహార్లే కావచ్చు, ఊరూ పేరూ వరసా మాత్రం ఊరంతా వినాలి. పద్యనాటకాల్లోనూ అంతే. ఆదోని, ఆలూరు తాలూకాలు 1953 అక్టోబరు 1 దాకా బళ్లారి జిల్లాలో ఉన్నవి. బళ్లారి రాఘవ నటించిన గాలి తగిలిన నేల ఇది. రాత్రి మొదలైన హరిశ్చంద్ర నాటకం తెల్లారిందాకా సాగుతుంది. పద్యం బాగా పాడితే జనంలో ఒకరు లేచి స్టేజీ దగ్గరికి నోటు పంపుతారు. నటుడు రాగం ఆపుతాడు, మైకులో పేరు వినపడుతుంది. చాలాసార్లు ఆ పేరు డబ్బిచ్చినవాడిది కాదు, మనవరాలిదో, పోయిన తండ్రిదో అయివుంటుంది. వేషం వేసుకున్న హరిశ్చంద్రుడు కాటిసీను మధ్యలో ఆగి ఆ పేరున్న పిల్లను దీవించి మళ్లీ పద్యం ఎత్తుకుంటాడు. జనానికి అది రసభంగం అనిపించదు.

జనవరిలో ఎమ్మిగనూరు నీలకంఠేశ్వరుని తేరు లాగే రోజున గానీ, శ్రావణమాసంలో ఉరుకుంద ఈరన్న దగ్గర గానీ నిలబడి వినండి. తప్పిపోయిన పిల్లల పేర్లు, ఎదురుచూస్తున్న పెద్దల పేర్లు మైకులో ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. ఇంత జనంలో మనవాళ్లను వెతుక్కోవడానికి మైకును మించింది లేదని ఈ ప్రాంతం ఎప్పుడో నేర్చుకుంది.

తర్వాత రేడియో వచ్చింది. 1957 అక్టోబరు 3న వివిధ భారతి మొదలైంది. అంతకు ముందు సినిమా పాటలను ఆకాశవాణి దూరం పెట్టిన కాలంలో శ్రోతలు రేడియో సిలోన్‌కు మళ్లారు. మీనాక్షి పొన్నుదురై గొంతులో తెలుగు పాటలు విన్నవాళ్లు ఇప్పటికీ ఆ పేరు మరిచిపోలేదు. విజయవాడ, హైదరాబాద్ కేంద్రాల నుంచి జనరంజని వచ్చేది. పాట కంటే ముందు పేర్లు వచ్చేవి. పాట కోరినవారు ఫలానా ఊరి నుంచి ఫలానా, వారి అక్క, బావ, మేనల్లుడు, మిత్రబృందం... పోస్టుకార్డు మీద చిన్న అక్షరాలతో ఎన్ని పేర్లు పడితే అన్ని రాసేవాళ్లు. ఇప్పటి జార్ఖండ్‌లో ఝుమ్రీ తలయ్యా అని ఒక అభ్రకం గనుల ఊరుంది. అక్కడి నుంచి వచ్చే పాటల కోరికలతోనే ఆ పేరు దేశమంతటికీ తెలిసింది. వివిధ భారతి సైనికుల కోసం జయమాల అనే కార్యక్రమం పెట్టింది. సరిహద్దులో ఉన్న జవాను పాట కోరుకోవడం, ఊళ్లో అతని ఇంటివాళ్లు రేడియో చుట్టూ చేరి ఆ పేరు కోసం చెవి ఒగ్గడం ఆ తరానికి బాగా తెలిసిన సంగతి. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు, రేడియో అక్కయ్య కామేశ్వరి దంపతుల బాలానందంలో గొంతు వినిపించిన పిల్లలున్న ఇంట్లోనూ అదే చెవి ఒగ్గడం.

వీటన్నిటికీ ముందు ఉత్తరముంది. ఉభయకుశలోపరి అని మొదలుపెట్టి, ఇక్కడ మేమంతా క్షేమం, అక్కడ మీరంతా క్షేమమని తలుస్తాం అని రాసి, చివర పెద్దలకు నమస్కారాలు, పిన్నలకు దీవెనలు, అడిగినవాళ్లందరికీ అడిగినట్లు చెప్పమని ముగించే ఉత్తరం. దాన్ని రాసినవాళ్లు ఒకరు, చదివి వినిపించినవాళ్లు ఒకరు, విన్నవాళ్లు వీధి వీధంతా. చదువురాని తల్లికి పోస్టుమేన్ అరుగు మీద కూర్చుని చదివితే చుట్టూ నలుగురు చేరేవాళ్లు. కెమెరా ముందు నిలబడి మేం బాగున్నాం, మీరు బాగుండండి అనే మనిషి చెబుతున్నది ఆ ఉత్తరంలోని మాటలే.

మీ టీవీ సౌండ్ తగ్గించండి

మా జిల్లాకు టీవీ మొదట వచ్చింది ఉపగ్రహం మీద. 1975 ఆగస్టు 1 నుంచి 1976 జూలై 31 దాకా అమెరికా వాళ్ల ఏటీఎస్-6 ఉపగ్రహం సాయంతో ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు బోధనా కార్యక్రమాలు చూపించారు. సైట్ అని పిలిచిన ఆ ప్రయోగానికి ఆంధ్రప్రదేశ్‌లో ఎంచుకున్న జిల్లాల్లో కర్నూలు ఒకటి. సరిహద్దు అవతల రాయచూరు కూడా ఉంది. ఊరికి ఒక్కటే టీవీ, ఊరంతా దాని ముందే. 1977 అక్టోబరు 23న హైదరాబాద్ దూరదర్శన్ కేంద్రం వచ్చింది. ఆ రోజుల్లో టీవీలో కనిపించడం పెద్ద అధికారులకు, కళాకారులకు దక్కే మర్యాద. మామూలు మనిషి గొంతుకు అందులో చోటు తక్కువ.

ఆ చోటు వచ్చింది 1995లో. ఆ ఏడు ఆగస్టు 27న ఈటీవీ మొదలైంది, జెమినీ కూడా ఆ కాలంలోదే. పాటలకు ఫోన్ చేసే కార్యక్రమాలు వచ్చాయి. ఎస్టీడీ బూత్ ముందు క్యూ కట్టి, రూపాయలు చేతిలో లెక్క పెట్టుకుంటూ, లైను దొరికేదాకా మళ్లీ మళ్లీ నొక్కేవాళ్లు. లైను కలిసిందంటే ముందు అరుపులు, తర్వాత యాంకరమ్మ చెప్పే మాట: 'ముందు మీ టీవీ సౌండ్ తగ్గించండి!' మీ పేరు? ఎక్కడి నుంచి? ఏం చేస్తుంటారు? ఇంట్లో ఎవరెవరుంటారు? ఈ పాట ఎవరికి డెడికేట్ చేస్తారు? ఆ చివరి ప్రశ్న కోసమే అంతసేపూ లైన్లో ఉన్నారు. ఊపిరి పీల్చుకుని మొదలుపెట్టేవాళ్లు. మా అమ్మకి, నాన్నకి, బళ్లారిలో ఉన్న మా అక్కకి, బావకి, వాళ్ల పాపకి, కువైట్‌లో ఉన్న మా చిన్నాయనకి, మా పక్కింటి ఆంటీకి... మధ్యలో వెనక నుంచి ఎవరో అందిస్తారు. 'ఆఁ, మా జేజికి కూడా!'

శుభలేఖ మీద ఒక పేరు తప్పిపోతే ఎంత రభస జరుగుతుందో ఈ జాబితాలో తప్పిపోయినా అంతే. అందుకే ఆ కంగారు, ఆ వేగం. ఎదురుగా ఉన్న యాంకరు నవ్వుతున్నా, టైమ్ అయిపోతోందని సైగ చేస్తున్నా ఆపరు. పెద్దవాళ్లు ముందు, పిన్నవాళ్లు తర్వాత. పుట్టింటివాళ్లను చెప్పాక అత్తింటివాళ్లను వదిలిపెట్టకూడదు. ఇరవై సెకన్లలో ఆ వరసలన్నీ తప్పకుండా చెప్పగలిగిన ఇల్లాలి నేర్పును మనం ఏనాడూ మెచ్చుకోలేదు.

సుమ కనకాల ఈటీవీలో ఏళ్ల తరబడి నడిపిన స్టార్ మహిళ చూసినవాళ్లకు ఇంకో దృశ్యం గుర్తుండే ఉంటుంది. ఆటకొచ్చిన గృహిణులతో ఆమె ముందు ఇల్లూ వాకిలీ మాట్లాడించేది. మీ ఆయన పేరేంటి అని అడిగితే చాలామంది సిగ్గుపడేవాళ్లు. భర్త పేరు నోటితో పలకకూడదనే పట్టింపు మన పల్లెల్లో ఇంకా పోలేదు. పాప వాళ్ల నాన్న అనో, మా ఇంటాయన అనో చెప్పి తప్పించుకునే ఆడవాళ్లు కెమెరా ముందు, అంతమంది వినేచోట, తల కొంచెం వంచి ఆ పేరు పలుకుతారు. ఇంట్లో ఎన్నడూ పేరు పెట్టి పిలవని మనిషిని పేరుతో పలకరించడం. తర్వాత ముఖంలో కనిపించే ఆ వెలుగును గెలిచిన చీరతోనో, గిన్నెల సెట్టుతోనో పోల్చలేం. ఆ ఆటలు ఎవరు గెలిచారో ఎవరికీ గుర్తులేదు.

బొంబాయిలో తీసిన ఉత్తరాలు

కెమెరాను ఉత్తరంగా వాడుకోవచ్చని ఒక ప్రభుత్వమే గుర్తించిన కథ ఒకటుంది. అందులో మన దేశానికీ పాత్ర ఉంది. రెండో ప్రపంచ యుద్ధం చివరి ఏళ్లలో, 1944 నుంచి 1946 దాకా, ఇండియాలోనూ బర్మాలోనూ ఉన్న బ్రిటిష్ సైనికుల చేత ఇంటివాళ్లకు కబుర్లు చెప్పించి సినిమాలు తీశారు. కాలింగ్ బ్లైటీ అని ఆ సిరీస్ పేరు. బొంబాయి స్టూడియోల్లో చాలా తీశారు. సుమారు 400 రీళ్లు తయారయ్యాయి. ఒక్కో రీల్లో ఒకే ఊరివాళ్లు. ఒకడి తర్వాత ఒకడు కెమెరా ముందుకొస్తాడు, అమ్మకు హలో, భార్యకు త్వరలో వస్తా, బిడ్డకు ముద్దు, అంతే. ఒక్కొక్కరికి కొన్ని క్షణాలు. ఆ రీలును వాళ్ల ఊరికే పంపి, అక్కడి సినిమా హాల్లో వేసి ఆ కుటుంబాలను పిలిచేవాళ్లు. ఏళ్ల తరబడి చూడని కొడుకు ఒక్కసారిగా తెర నిండా కనిపించేవాడు. ఆ రీళ్లలో చాలా భాగం పోయాయి, కొన్నే మిగిలాయి. వాటిని భద్రం చేసినవాళ్లు మళ్లీ ఆ ఊళ్లలోనే ప్రదర్శించి, సైనికుల పిల్లలకు, మనవళ్లకు చూపించారు.

యుద్ధంలో ఉన్న ప్రభుత్వం స్టూడియోలను, ఫిలింను, మనుషులను ఈ పనికి కేటాయించింది. ఇల్లు వదిలి దూరం పోయినవాడికి తిండి తర్వాత కావలసింది ఇదేనని అర్థం చేసుకుంది.

కొలంబియాలో ఇది తలకిందులుగా జరిగింది. అక్కడ గెరిల్లాలు ఎత్తుకుపోయిన మనుషులు ఏళ్లకేళ్లు అడవుల్లో బందీలుగా ఉండేవాళ్లు. 1994లో తానే అపహరణకు గురై బయటపడిన ఎర్బిన్ ఓయోస్ అనే పాత్రికేయుడు, వాళ్ల కుటుంబాలు రేడియోలో మాట్లాడేందుకు ఒక కార్యక్రమం మొదలుపెట్టాడు. అపహృతుల గొంతులు అని దాని పేరు. ఆదివారం తెల్లవారుజామున తల్లులు, భార్యలు, పిల్లలు వరసగా వచ్చి మాట్లాడేవాళ్లు. పాపకు పళ్లు వచ్చాయి, నాన్న ఆరోగ్యం బాగుంది, నీ గది అలాగే ఉంచాం. అవతల వింటున్నారో లేదో తెలియదు, బతికున్నారో లేదో తెలియదు. 2002లో బందీ అయి 2008 జూలై 2న విడుదలైన ఇంగ్రిడ్ బెతాంకూర్ అడవిలో రేడియోలో తల్లి గొంతు వింటూ బతికింది. జవాబు రాని పలకరింపు అన్నేళ్లు ఒక మనిషిని నిలబెట్టింది.

2010 ఆగస్టు 5న చిలీలో గని కూలి 33 మంది సుమారు 700 మీటర్ల లోతున చిక్కుకున్నారు. పదిహేడు రోజుల తర్వాత బతికే ఉన్నారని తెలిసింది. చిన్న రంధ్రంలోంచి కెమెరా పంపిస్తే వాళ్లు తీసి పంపిన వీడియోలో ఇంటివాళ్లకు పలకరింపులే. మన ఉత్తరాఖండ్‌లో సిల్క్‌యారా సొరంగం 2023 నవంబరు 12న, దీపావళి నాడు కూలింది. 41 మంది కూలీలు లోపల ఉండిపోయారు. నవంబరు 21న గొట్టంలోంచి పంపిన కెమెరాలో వాళ్ల ముఖాలు మొదటిసారి కనిపించాయి. ఒక్కొక్కరూ కెమెరా ముందుకు రండి, చెయ్యి ఊపండి అని బయటి నుంచి అధికారులు అడుగుతున్నారు. గడ్డాలు పెరిగి, హెల్మెట్లు పెట్టుకుని వాళ్లు చెయ్యి ఊపారు. ఆ చెయ్యి ఊపడం చూసి ఆ రోజు ఎవరూ నవ్వలేదు. నవంబరు 28న అందరూ బయటికొచ్చారు.

మాకు ఇందులో పరాయిదనం ఏమీ కనిపించదు. 2020 మార్చిలో లాక్‌డౌన్ వచ్చినప్పుడు మిరప కోతలకు పోయిన మా పడమటి పల్లెల కూలీలు గుంటూరు జిల్లా చేలల్లోనే చిక్కుకుపోయారు. బస్సుల్లేవు, పని లేదు. ఇంట్లో పిల్లలు, ముసలివాళ్లు. గల్ఫ్‌లో పాస్‌పోర్టు యజమాని దగ్గర ఉండిపోయి, తిరిగి రాలేక, గదిలో కూర్చుని సెల్ఫీ వీడియో పంపే తెలుగు ఆడవాళ్లను అంతకు ముందూ చూశాం, ఇప్పుడూ చూస్తున్నాం. అందులో ముందు సాయం అడగరు. ముందు పిల్లల పేర్లు చెబుతారు. ఆ తర్వాతే గొంతు పూడుకుపోతుంది.

మెల్‌బోర్న్‌లో ఇద్దరు మనవాళ్లు

పలకరింపుకు మాటలే అక్కర్లేదు. 2020 నవంబరు 20న హైదరాబాద్‌లో ఆటో నడిపిన మహమ్మద్ గౌస్ కన్నుమూశారు. కొడుకు సిరాజ్ ఆ సమయంలో భారత జట్టుతో ఆస్ట్రేలియాలో ఉన్నాడు, ఇంటికి రాకుండా అక్కడే ఉండిపోయాడు. 2021 జనవరి 7న సిడ్నీలో జాతీయగీతం వస్తున్నప్పుడు అతని కన్నీళ్లు కారడం ప్రపంచమంతా చూసింది. తండ్రి గుర్తొచ్చాడని తర్వాత చెప్పాడు. తిరిగొచ్చాక విమానాశ్రయం నుంచి నేరుగా తండ్రి సమాధి దగ్గరికే పోయాడు.

నాలుగేళ్ల తర్వాత, 2024 డిసెంబరు 28న మెల్‌బోర్న్‌లో విశాఖ కుర్రాడు నితీశ్ కుమార్ రెడ్డి 99 పరుగుల మీద ఉన్నాడు. తొమ్మిదో వికెట్ పోయింది. చివరి బ్యాటర్‌గా వచ్చింది ఈ సిరాజే. కమిన్స్ వేసిన మూడు బంతులు కాచుకున్నాడు. తర్వాతి ఓవర్లో నితీశ్ బోలండ్‌ను బౌండరీకి కొట్టి నూరు దాటాడు. కెమెరా స్టాండ్‌లోకి తిరిగింది. కొడుకు క్రికెట్ కోసం ఉద్యోగం వదులుకున్న తండ్రి ముత్యాలరెడ్డి చేతులు జోడించి ఏడుస్తున్నాడు. కొడుకు పిచ్ మీద మోకరిల్లి బ్యాటు మీద హెల్మెట్ పెట్టాడు. తండ్రి లేని కొడుకు ఒకవైపు నిలబడి, రెండోవైపు కొడుక్కి తండ్రి ముందు సెంచరీ చేసే అవకాశం ఇచ్చాడని నాకనిపిస్తుంది.

ఆదోనికీ అలాంటి రోజొకటి వచ్చింది. అక్కడ పుట్టి పెరిగిన ఎడమచేతి పేస్ బౌలర్ అంజలి శర్వాణి 2022 డిసెంబరు 9న నవీ ముంబై డీవై పాటిల్ స్టేడియంలో ఆస్ట్రేలియా మీద భారత జెర్సీ వేసుకుంది. మరుసటి ఏడు మహిళల ప్రీమియర్ లీగ్ తొలి వేలంలో యూపీ వారియర్జ్ ఆమెను 55 లక్షలకు తీసుకుంది. పత్తి మార్కెట్టుతోనే పేరు తెలిసిన ఊరు, తన బిడ్డ టీవీలో రనప్ మొదలుపెట్టడం చూసింది. అప్పుడు ఎవరు ఎవరిని పలకరించినట్టు? బంతి చేతిలో ఉన్న అమ్మాయి కెమెరా వైపు చూడలేదు. తెర మీద పేరు కింద కనిపించిన ఆ రెండు మూడు క్షణాలే ఇంటికి చేరిన కబురు.

వీడియోకాల్ ఉండగా ఇంకా ఎందుకు?

ఈ ప్రశ్న నిజమైనదే. మిరప చేను గట్టున కూర్చుని సుగ్గి కూలీలు రాత్రి ఏడు దాటాక ఇంటికి వీడియోకాల్ చేస్తున్నారు. సిగ్నల్ కోసం ఫోన్ ఎత్తి పట్టుకుని తిరుగుతారు. తెర మీద పాప ముఖం నిలుస్తుంది, మళ్లీ ఆగిపోతుంది. అన్నం తిన్నావా, హోంవర్క్ చేశావా, అవ్వ మాట విను. ఇక్కడి గూడూరు కల్యాణ మండపాల్లో పెళ్లి యూట్యూబ్ లైవ్‌లో పోతుంటే, వీడియోగ్రాఫర్ గింబల్ పట్టుకుని బంధువుల వరస ముందు నడుస్తూ అమెరికాలో ఉన్న తమ్ముడికి హాయ్ చెప్పండి పెద్దమ్మా అంటాడు. పెద్దమ్మ పమిట సర్దుకుని, చెయ్యి ఎత్తి, ఆరోగ్యం చూసుకో నాయనా అంటుంది. రోజూ చూసుకునే సాధనాలు ఇన్ని ఉన్నా, టీవీ మైకు ఎదురుపడితే మళ్లీ అదే పలకరింపు వస్తోంది.

కారణం నాకు ఇలా తోస్తుంది. వీడియోకాల్ ఇద్దరి మధ్య ఉండేది. టీవీలో చెప్పింది నలుగురి ముందు చెప్పింది. మన దగ్గర మర్యాద, గౌరవం, ప్రేమ అన్నీ నలుగురి ముందు నిలబడితేనే పూర్తవుతాయి. అందుకే చదివింపులు మైకులో చదువుతాం. సుగ్గికి పోయిన కోడలు టీవీలో 'అవ్వా' అంటే, ఆ ముసలమ్మకు వీధిలో ఒక బలం వస్తుంది. పిల్లలను వదిలేసి పోయారు, ఈమె ఎట్లా సాకుతుందో ఏమో అని జాలిపడే చుట్టుపక్కలవాళ్లు మరుసటి రోజు పొద్దున వచ్చి, నిన్న టీవీలో నీ కోడలు నిన్ను తలుచుకుంది గదా అంటారు. ఆ మాటతో ఆమె చేస్తున్న చాకిరీ కొంచెం ఊరికి కూడా కనిపిస్తుంది. సీజనల్ హాస్టల్లో ఉన్న పాపకు కూడా అంతే. తోటి పిల్లలతో కలిసి టీవీ చూస్తూ, 'మా అమ్మ, చూడండి, నా పేరు చెప్పింది' అనగలగడం ఆ వయసులో చిన్న విషయం కాదు. తల్లి వదిలేసి పోలేదు, పని కోసం పోయింది, నన్ను తలుచుకుంటోంది అని నలుగురికీ రుజువు దొరికినట్టు.

కెమెరాకు ఇంకా ఎన్నో ఉపయోగాలున్నాయి. నాయకుల ప్రసంగాలు చూపిస్తుంది, గొడవలు చూపిస్తుంది, దేవరగట్టు బన్ని ఉత్సవంలో కర్రలు లేచే రాత్రి ప్రతి ఛానలూ మా పడమటికి దారి పడుతుంది. వాటికి గంటలు కేటాయించే తెర మీద, ఇంటికి కబురు పంపుకునే మనిషికి పది సెకన్లు ఇస్తే ఏ వార్తా చెడిపోదు.

అందుకే ఈ కార్తీకంలో సుగ్గి బండ్ల దగ్గరికి కెమెరాలు పట్టుకుని వచ్చే విలేఖరులకు, ఇక్కడి కేబుల్ ఛానళ్ల వాళ్లకు, హైదరాబాద్, విజయవాడ డెస్కుల్లో ఆ బైట్లు కోసే మిత్రులకు ఒక మనవి. ప్రశ్నలు అయిపోగానే లోగో వెనక్కి తీసుకోకండి. ఇంట్లోవాళ్లకు ఏమైనా చెబుతారా అని మీరే అడగండి. చెప్పింది ఎంత చిన్నదైనా, తడబడినా, పేర్లు ఎన్నైనా, అలాగే ప్రసారం చేయండి. సాయంత్రం బులెటిన్ ఎన్ని గంటలకో కూడా చెప్పండి, ఊరికి ఫోన్ చేసి అవ్వను టీవీ ముందు కూర్చోబెట్టుకుంటారు.